ధోబీ జహాజ్ చివరి మూట కోసం పాలమూరు దాకా

నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు, అంటే మా వాడుకలో పాలమూరుకు, దేవరకొండ మీదుగా బస్సులో వెళ్ళదలచిన వారి కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాదు చేరి షాద్‌నగర్ మీదుగా దిగే దారి సుఖమైనది, బస్సులూ ఎక్కువ. దేవరకొండ దారిలో ఎక్కి దిగవలసి వస్తుంది, దుమ్ము మింగవలసి వస్తుంది. అయినా తొంభైల చివర ఒక ఆదివారం నేను ఆ దారినే పట్టాను. కారణం తీర్థమూ కాదు, పెళ్ళీ కాదు. టీవీలో వచ్చే ఒక జపాను కార్టూన్. జీవితమంతా కావ్యాలు పాఠం చెప్పి, సాయంత్రాలు పురాణ కాలక్షేపంలో గడిపినవాడు బొమ్మల కథ కోసం తెల్లవారుజామున సంచి సర్దుకుంటే మా ఇంట్లో నవ్వారు. నవ్వదగిన విషయమే. అందుకే ముందు ఆ కార్టూన్ సంగతి చెప్పాలి.

నా ఉద్యోగం రోజుల్లో పాలమూరు ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుణ్ణి, హబీబ్ సాబ్ డ్రాయింగ్ మాస్టారు. ఏళ్ళ తరబడి ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. ఒక ఆదివారం ఆయన ఇంటికి వెళ్తే టీవీ ముందు ఒక్కరే కూర్చుని నవ్వుకుంటున్నారు. తెర మీద చుక్కల మధ్య ఒక పాత ఓడ ఈదుతోంది. ఆ ఓడ ఒక లాండ్రీ. గ్రహం గ్రహానికీ వెళ్ళి మాసిన బట్టలు తెచ్చుకుని, ఉతికి, మళ్ళీ అప్పగించి రావడం దాని పని. లావుపాటి కప్తాను ప్రతివారమూ ఎవరిదో ఒక బట్ట పాడుచేస్తాడు. ఇస్త్రీ చేసే యంత్రపు మనిషికి వేడి అంటే భయం. హిందీ మాటలు పెట్టారు గాని అసలు పేరు మాత్రం నా నాలుకకు ఏనాడూ లొంగలేదు. హబీబ్ సాబ్ దానికి ‘ధోబీ జహాజ్’, అంటే చాకలి ఓడ, అని పేరు పెట్టారు.

“ఏంది హబీబ్ సాబ్, ఈ పిల్లల వేషాలు?” అన్నాను.

“కూసో పంతులూ. గా లావాయన వీపు చూడు. ఒక్కటే గీత. తప్పు చేసినోని సిగ్గంత గా ఒక్క గీతల పెట్టిండు గీసినాయన.”

చూశాను. నిజమే. నేను అంతదాకా కప్తాను మాటలు విన్నానే గాని వీపు చూడలేదు. నా చదువంతా చెవుల గుండా వచ్చింది. చూడడం ఆ ఇంట్లో, ఆదివారాలలో నేర్చుకున్నాను.

ఏ వారం కథ ఆ వారానిదే. ఒక వారం తప్పినా నష్టం లేదు. ఒకసారి ఒక ముసలాయన ప్రతిసారీ మాయని చొక్కానే ఉతకడానికి ఇస్తుంటాడు. కప్తాను మండిపడి, ‘మురికి లేని బట్టకు మా ఓడలో చోటు లేదు’ అని విసిరి కొడతాడు. మరుసటి రాకకు ఆ ముసలాయన కావాలని చొక్కా మీద పులుసు ఒలకబోసుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడి ఉంటాడు. ఆ గ్రహంలో ఆయనతో మాట్లాడేందుకు వచ్చేది ఆ ఓడ ఒక్కటే. కడుపు పట్టుకుని నవ్వుతున్నవాళ్ళం ఇద్దరమూ ఒకేసారి ఊరుకున్నాం. బట్ట తిరిగి ఇచ్చేటప్పుడు కప్తాను ప్రతి ఒక్కరితోనూ ఒకే మాట అంటాడు: ‘మరక మా వంతు, జ్ఞాపకం మీ వంతు.’ మొదట్లో అది దుకాణదారు చమత్కారంలా వినిపించింది. దేహం జీర్ణవస్త్రమన్న మాటను చిన్ననాటి నుంచి వల్లె వేసినవాణ్ణి నేను. విడిచిన ఆ వస్త్రం తరువాత ఏమవుతుందని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆ లావుపాటి కప్తాను అడిగాడు.

ఓడలో అన్నిటికంటే పై అరలో ఒక చిన్న మూట ఉండేది. ఎవరూ వచ్చి అడగని మూట. కథ ముగిసే ముందు కప్తాను దాన్ని దించి, చీటీ చదివి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. అది ఎవరిదన్నది మా ఆదివారాల వాదం. దాని యజమాని కాలం చేశాడని నా సిద్ధాంతం. “కాదు పంతులూ, వస్తడు. ఆలస్యమైతాంది, గంతే,” అని ఆయన పట్టు. తేలకముందే, ఇక ఒక్క భాగం మిగిలి ఉందనగా ఆ చానల్ రావడం ఆగిపోయింది. నేను పదవీ విరమణ చేసి నల్లగొండ చేరాను. తరువాత రెండేళ్ళలో హబీబ్ సాబ్ రెండు కళ్ళనూ నీటికాసుల జబ్బు, డాక్టర్లు గ్లాకోమా అనేది, మింగేసింది. జీవితమంతా పిల్లల చేత గీతలు గీయించిన మనిషికి వెలుతురు తప్ప మరేమీ ఆనకుండా పోయింది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం మా పక్కింటికి ఆయన ఫోన్ వచ్చింది.

“పంతులూ, మన కేబుల్ యాదగిరికి చివరి భాగం క్యాసెట్ దొరికింది. ఆదివారం మూడు గంటలకు లోకల్ చానల్ల ఏస్తడట. రాత్రికి వాపస్ ఇయ్యాలెనంట, ఒక్కసారే. నువ్వొచ్చి చెప్పాలె.”

“భాభీ చెప్పరా?”

“ఖుర్షీద్ మొదలు నవ్వుతది, తర్వాత చెప్తది. గప్పటికి బొమ్మ మారిపోతది. ఇంకో మాట, బస్సుల కండ్లు మూసుకొని పద్యాలు చదువుకుంట రాకు. దోవ చూసుకుంట రా. ఏం చూసినవో అడుగుత.”

ఆదివారం అయిదున్నర బస్సుకు బయలుదేరాను. మా ఊరి లతీఫ్ గుట్ట వెనక ఇంకా చీకటి ఉంది. ఊరు దాటాక బత్తాయి తోటలు, ఆ తరువాత ఎర్రటి చెలకలు, ఆముదపు చేలు. ఈ దారిలో ఎన్నోసార్లు పోయాను గాని ఇన్ని బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి ఇలా నిలబడి ఉన్నాయని ఆనాడే గమనించాను. ప్రతి గుట్టనూ ఆయనకు ఎలా చెప్పాలా అని మనసులో మాటలు పేర్చుకుంటూ ఉంటే కొండమల్లేపల్లి వచ్చింది, ఎనిమిది కాకముందే దేవరకొండ వచ్చింది. ఇక్కడ బస్సు మారాలి. స్టాండులో చాయ్ తాగి, కల్వకుర్తి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పాలమూరు దాకా టికెట్లన్నీ కలిపినా ఆ రోజుల్లో యాభై రూపాయల లోపే.

డిండి దగ్గర టైరు పంక్చరయింది. అందరినీ దింపారు. స్టెప్నీ విప్పుతున్న డ్రైవరు దగ్గరికి వెళ్ళి, మూడు గంటలకు పాలమూరు చేరుతామా అని అడిగాను.

“దవాఖానకా సార్?”

“కాదు. టీవీల ఒకటి చూడాలె.”

“క్రికెటా?”

“కార్టూన్.”

కండక్టరు పక్కకు తిరిగి నవ్వాడు. డ్రైవరు మాత్రం నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసి, “నవ్వకురా. గింత పెద్దమనిషి కార్టూన్‌కు పోతుండంటే అండ్ల ఏదో ఉండే ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి సార్, చేరుస్త,” అన్నాడు.

ఆందోళన అణచుకుంటూ డిండి జలాశయం కట్ట మీదికి నడిచాను. కింద నీళ్ళ ఒడ్డున బట్టలు ఉతుకుతున్నారు. బండల మీద చీరలు పరిచి ఉన్నాయి. రెండు తుమ్మచెట్లకు కట్టిన తాడు మీద తెల్లని ధోవతి ఒకటి ఆరేసి ఉంది. గాలి పడిపోయి ఉంది, అయినా అది కదిలింది. ఒక్క క్షణం తరువాత దాని వెనక నుంచి ఒక స్త్రీ బట్టల బుట్టతో బయటికి వచ్చింది. ఎందుకో అది కంటిలో నిలిచిపోయింది.

కల్వకుర్తిలో ఎండ నడినెత్తికి వచ్చింది. మరో బస్సులో జడ్చర్ల దాకా నిలబడే ప్రయాణం. అక్కడి కూడలిలో పాలమూరు బస్సుకు కాచుకున్న సేపు నా చూపు గడియారం మీదే ఉంది. డ్రైవరు మాట పోలేదు. రెండున్నర దాటేసరికి ఆటో దిగి హబీబ్ సాబ్ గుమ్మంలో నిలబడ్డాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన టీవీకి ఎదురుగా, దాని మొహం ఎక్కడుందో సరిగ్గా తెలిసినట్టు కూర్చుని ఉన్నారు. భాభీ జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టారు. నేను వస్తున్నానని ఆదివారమైనా ఆ పూట ఆ ఇంట్లో మాంసం వండలేదు. చేయి కడుక్కోకముందే, “ఆ, దోవ చెప్పు,” అన్నారు హబీబ్ సాబ్.

“దేవరకొండ దాటినంక గుట్టలు మదపుటేనుగుల గుంపోలె...”

“ఏనుగులొద్దు పంతులూ. రాళ్ళు గుండ్రంగున్నయా, పలకలుగున్నయా?”

గుండ్రంగా ఉన్నాయన్నాను. ఉపమానం తీసేస్తే నా దగ్గర మిగిలే మాటలు ఎంత తక్కువో ఆ పూట తెలిసింది. వెతుక్కుంటూ చెప్పాను. ప్రతి మాటకూ ఆయన “ఊ” అన్నారు. కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాడుంటేనే కథ నడుస్తుంది. నా శ్రోతలలో ఇంత నిక్కచ్చిగా ఊ కొట్టినవారు లేరు. చివరికి ధోవతి సంగతి వచ్చింది.

“అంచు లేసిందా, నడుమ ఉబ్బిందా?” అన్నారాయన.

“అంత చూడలేదు. కదిలింది.”

“చూడాలె. గాలైతే అంచు లేస్తది. వెనక మనిషుంటే నడుమ ఉబ్బుతది. బట్ట గీసేటప్పుడు పిల్లలకు మొదలు చెప్పేదే ఇది.”

మూడు గంటలకు తెర మీద ఓడ వచ్చింది. సంభాషణలు ఆయనకు వినబడుతూనే ఉన్నాయి, బొమ్మ నా వంతు. మొదటి సగం నవ్వులే. యంత్రపు మనిషి ధైర్యం చేసి ఇస్త్రీపెట్టె పట్టుకుని కప్తాను టోపీ కాల్చాడు. భాభీ నాకంటే ముందు నవ్వి, నాకంటే ముందు చెప్పబోయి, “నువ్వు ఊకో,” అనిపించుకున్నారు. తరువాత కప్తాను పై అర నుంచి మూట దించాడు. ఈసారి తిరిగి పెట్టలేదు. చీటీలో ఉన్న చోటికి ఓడను తిప్పాడు.

అక్కడ గ్రహం లేదు. ఉత్త చీకటి. అంతటితో మాటలు ఆగిపోయాయి, సంగీతమూ ఆగింది.

“ఏమైతాంది?” అన్నారు హబీబ్ సాబ్.

“ఏం లేదు అక్కడ. ఊరు లేదు, నేల లేదు. కప్తాను మూట విప్పుతున్నడు. తెల్ల బట్ట. ఉతికి ఉతికి పల్చబడ్డది.”

“ఊ.”

“ఓడ కొనకు తాడు కట్టిండు. రెండో కొస అక్కడ తేలుతున్న ఒక రాయికి. బట్ట ఆరేసిండు. చూసుకుంట నిలబడ్డడు.”

“ఊ.”

“కదలడం లేదు. అక్కడ గాలి ఉండదు గదా.”

ఆయన ఊ అనలేదు. కుర్చీ చేతిని పట్టుకుని ముందుకు వంగారు. తెర మీద చాలాసేపు ఏమీ జరగలేదు. నాకు చెప్పడానికి ఏమీ లేదు. ఇంతకాలం తరువాత ఈ మనిషికి ‘ఏమీ లేదు’ అన్న మాట మిగిల్చి వెళ్ళాలా అనుకున్నాను. ఆయన వస్తాడన్న మనిషిని నేనే నోటితో రప్పిస్తే ఎవరికి తెలుస్తుందని కూడా ఒక ఆలోచన వచ్చింది. ఆ కుర్చీ వైపు చూసి మానుకున్నాను. అంతలో బట్ట కదిలింది.

“కదిలింది, హబీబ్ సాబ్.”

“అంచా, నడుమనా?”

కళ్ళద్దాలు తుడుచుకుని టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాను. “నడుమ.”

“మంచిగ చూసి చెప్పు.”

“నడుమనే. ఉబ్బింది. మనిషి నిలబడ్డంత. అంచులు రెండూ కిందికే ఉన్నయి.”

హబీబ్ సాబ్ వెనక్కి ఆనుకున్నారు. “లావాయన ఏం చేస్తుండు?” అన్నారు.

“వీపు మన దిక్కున్నది. ఒక్కటే గీత. కొంచెం వంగింది. దండం పెట్టినట్టు. ఇగో, పక్కకు తిరిగిండు. పెదవులు కదులుతున్నయి, మాట వినబడటం లేదు.”

“మరక మా వంతు,” అన్నారు హబీబ్ సాబ్, నిదానంగా, తెర మీది పెదవులకు తన గొంతు అరువిచ్చినట్టు. “జ్ఞాపకం మీ వంతు.”

అంతే, కథ అయిపోయింది. ఆయన చేతి వేళ్ళు కుర్చీ చేతి మీద ఏదో గీస్తున్నాయి. “ఊరు లేదు, మనిషి లేడు, నీ మాట నిలిచింది. వచ్చిండు, నా మాటా నిలిచింది. ఎవరు గెలిచినట్టు పంతులూ?” అన్నారు.

“ఇద్దరూ ఓడిండ్రు. చాయ్ తాగుండ్రి,” అన్నారు భాభీ.

నల్లని తెర మీద తెల్లని అక్షరాలు పైకి పోతున్నాయి. “ఊ,” అన్నారు హబీబ్ సాబ్.

“అయిపోయింది.”

“ఊ.”

ఆయన అడుగుతున్నది నాకు అప్పుడు అర్థమైంది. చెప్పసాగాను. అక్షరాలు పోతున్నాయన్నాను. తెర ఖాళీ అయిందన్నాను. భాభీ చేతిలో కప్పు ఉంది, ఆవిరి పైకి లేస్తోందన్నాను. గోడ మీద ఎండ కిటికీ ఆకారంలో పడి ఉందన్నాను. దర్వాజ పరదా కదులుతోందన్నాను.

“అంచా, నడుమనా?”

“అంచు. గాలే.”

ఆయన నవ్వారు. అది ఆ పాత ఆదివారాల నవ్వు.

ఇప్పుడు ఆ దారిలో రోడ్లు వెడల్పయ్యాయి. పాలమూరులో ఆ ఇంటి వాకిట్లో నన్ను దోవ అడిగే గొంతు లేదు. ఆ కార్టూన్‌ను మళ్ళీ చూడగలిగే వీలు ఎక్కడైనా ఉందేమో, నేను వెతకలేదు. కావ్యాల్లో రసం గురించి ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. హాస్యం పక్కనే కరుణ కూర్చుని ఉంటుందని పెద్దలు చెప్పినదాన్ని నేను కళ్ళారా చూసింది మాత్రం ఒక లాండ్రీ ఓడలో, చూపు లేని మిత్రుడి పక్కన. నేటికీ దండెం మీద బట్ట కదిలితే ముందు దాని నడుమ వైపే చూస్తాను. దాదాపు ఎప్పుడూ అంచే లేస్తుంది.

ఈ దారిలో వెళ్ళేవారికి ఒక్క మాట. దేవరకొండలో బస్సు మారేటప్పుడు తొందరపడి ముందు వచ్చిన బస్సులో నిలబడకండి, తరువాతి దానికైనా ఆగి కిటికీ పక్క సీటు పట్టుకోండి. డిండి నీళ్ళు దాటేదాకా నిద్రపోకండి. దిగిన చోట ‘ఏం చూసినవు’ అని అడిగే మనిషి ఉంటే మీరు అదృష్టవంతులు. లేకపోయినా చూసి పెట్టుకోండి.