శాస్త్రిగారి పళ్ళ గార

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు నన్ను కొవ్వూరు వైపు ఒక ప్రభుత్వాసుపత్రిలో డెంటల్ సర్జన్‌గా వేశారు. అక్కడ పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి ఫీజు లేదు, ఓపీ చీటీ ఉంటే చాలు. అయినా జనం వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి, డబ్బిచ్చి మరీ చేయించుకునేవారు. ఊరికే చేస్తే సరిగ్గా చేయరని అనుమానం. నాకు ఒళ్ళు మండేది.

మాఘమాసం ముహూర్తాలకు ముందు శాస్త్రిగారని ఒక పురోహితుడు వచ్చారు. చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. కింది ముందుపళ్ళ వెనక గార గోడలా పేరుకుంది. లాలాజలం ఊరేది ఆ దగ్గరే కాబట్టి గార ఎక్కువగా పట్టేదీ అక్కడే. స్కేలింగ్ చేయాలన్నాను. అంటే సన్నగా అదిరే మొనతో గారను రాల్చడం. వదిలేస్తే పళ్ళే ఊడతాయని చెప్పాను.

ఖర్చేమీ లేదన్నా ఆయన కుర్చీ ఎక్కలేదు. ఆయనతో చదువుకున్న ఒకాయనకి క్లీనింగ్ తర్వాత పళ్ళ సందుల్లోంచి గాలి పోయి, మంత్రంలో ఈల వచ్చిందట.

"డబ్బు సంగతి కాదండి డాక్టరమ్మగారూ. 'స' తేలిపోతే నన్ను ఇంక పెళ్ళికి పిలిచేదెవరండి?"

కొట్టిపారేద్దామనుకున్నాను. కానీ గార పోయి, వాచిన చిగురు తగ్గితే సందులు బయటపడే మాట నిజమే. అప్పుడు పలుకు ఏమవుతుందో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మా చర్చి క్వయర్‌లో పాటలు పాడేవాళ్ళలో క్లీనింగ్ చేయించుకున్న ఇద్దరిని అడిగాను. ఎప్పుడూ గమనించలేదన్నారు. ఇక నాకు ఆ సంగతి తేల్చుకునేదాకా మనసు ఆగలేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. ముందు పైపళ్ళు, కొన్నాళ్ళు ఆగి కిందివి. ప్రతిసారీ చేయకముందూ చేశాకా ఆయన ఒకే మంత్రం చదవాలి, నేను ఫోన్లో రికార్డు చేయాలి. పైపళ్ళకు తేడా రాలేదు. కిందివి అయ్యాక కూడా నా చెవికేమీ తెలియలేదు గానీ, ఆయన ముఖం పాలిపోయింది. గాలి పోతోందన్నారు. ఆయన మెట్లు దిగి వెళ్తుంటే నాకు నిజంగా భయం వేసింది.

ముహూర్తాలు మొదలయ్యే ముందు మళ్ళీ వచ్చారు. రోజూ సాధన చేసి, కోనసీమలో ఉన్న గురువుగారికి ఫోన్లో వినిపించారట. 'నీ చిన్నప్పుడు నేను నేర్పినట్టు ఇన్నాళ్ళకి పలికావురా' అన్నారట గురువుగారు.

"ఇన్నేళ్ళూ నాలుకని గార మీద ఆనించి పలికానండి," అన్నారు శాస్త్రిగారు.

ఆ మాఘం పెళ్ళిళ్ళన్నీ ఆయనే చేయించారు. ఆ తర్వాత క్లీనింగ్‌కి ఎంతవుతుందని ఎవరడిగినా, ఫీజు లేదని చెప్పే ముందు, మీరు చేసే పనేంటండీ అని అడిగేదాన్ని.