వెనక బెంచీలో కూర్చుని చూసిన మూడు బళ్లు

అది జూన్ నెల, బళ్లు తెరిచిన కొత్త. మా అమ్మాయి లలితను ఎనిమిదో తరగతిలో చేర్చాలి. కార్ఖానాలో ఉద్యోగం వచ్చి తెనాలి వైపు నుంచి పటాన్‌చెరు చేరి మాకు ఏడాది కూడా కాలేదు. ఈ చుట్టుపక్కల సర్కారు హైస్కూళ్లలో ఏది మంచిదని అడిగితే తలా ఒక మాట చెప్పారు. స్వయంగా చూసి తేల్చుకుందామని సోమవారం సెలవు పెట్టాను.

బడిని చూడటానికి నాకొక పద్ధతి ఉంది. మా ఊరి భజన సమాజంలో నేర్చుకున్నది. సమాజం ఎలా నడుస్తోందో తెలియాలంటే ముందు కూర్చుని తాళాలు వేసేవాళ్లను చూడకూడదు, వెనక వరుసలో కూర్చోవాలి. అక్కడివాళ్లకు కూడా చరణం నోటికి వస్తే అది మంచి సమాజం. అందుకని ప్రతి బడిలోనూ వెనక బెంచీలో కాసేపు కూర్చోనివ్వమని అడగాలనుకున్నాను.

లలితది కూడా వెనక బెంచీయే. వయసుకు మించిన పొడుగు కావడంతో ఎక్కడికి వెళ్లినా వెనక్కే పంపుతారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గాక తన ఎడమ చెవి వినపడటం మానేసింది. ఆ సంగతి తెలిస్తే బళ్లో చేర్చుకోరేమోనని, ఎవరితోనూ అనవద్దని ఇంట్లో అనుకున్నాం. ఏడో తరగతి లెక్కల్లో అమ్మాయి ఎలాగో గట్టెక్కింది. ఈ ఏడూ పాఠం చెవిన పడకపోతే చదువు మానేస్తానని తనే అంటోంది.

పటాన్‌చెరు బడి ముందు వారమే చూశాను. కార్ఖానాల పిల్లలంతా వచ్చి చేరడంతో గదులు నిండిపోయాయి. వెనకవాళ్లు చాపల మీద కూర్చున్నారు. అయినా అల్లరి లేదు. లెక్కల మాస్టారు దారంతో వృత్తం గీస్తుంటే చాపల మీది పిల్లలు మోకాళ్ల మీద లేచి మరీ చూశారు. ముచ్చటేసింది. కానీ అంతమందిలో మా అమ్మాయికి ఏం వినపడుతుందన్న దిగులూ కలిగింది.

సోమవారం ఎనిమిది గంటలకు సంగారెడ్డి బస్సు ఎక్కాం. మెట్ల దగ్గర ఆగినవాళ్లను కండక్టరు తరుముతున్నాడు. "జెర లోపటికి జరుగుండ్రి. గీడ నిలవడితె సంగారెడ్డే ఎదురొస్తదా?"

లలిత కిటికీ పక్కన, నేను తన ఎడమవైపు కూర్చున్నాం. ఎదుటి సీట్లో కూరగాయల గంపతో ఉన్న ఒకామె, "ఏడికి పోతున్రు?" అని అడిగింది.

"బళ్లు చూడటానికమ్మా."

"బడిని సూసుడేంది? పెండ్లిపిల్లనా?" అని నవ్వింది.

దారిపొడవునా లలితకు నవవిధ భక్తుల గురించి చెప్పాను. పిల్ల శ్రద్ధగా తల ఊపుతూ వచ్చింది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

తొమ్మిదిన్నరకు సంగారెడ్డిలోని ఆడపిల్లల హైస్కూలు చేరాం. ప్రార్థనకు అంతమంది పిల్లలు ఒక్క గొంతుగా పాడుతుంటే నాకు తెలియకుండానే చేతులు జోడించాను. సైన్సు గదిలో గాజు సీసాలు, పుస్తకాల బీరువాలు ఉన్నాయి. బీరువాలకు తాళాలు లేవు. పెద్ద టీచరమ్మ లలితను చూసి, "మస్తు పొడుగున్నవ్ బిడ్డా. ఎన్క కూసో," అంది. నేను సరేనన్నాను. నాకూ వెనక బెంచీలోనే చోటిచ్చారు. అక్కడి అమ్మాయి ఒక్క తప్పు లేకుండా పద్యం అప్పజెప్పింది. లలిత మాత్రం గంటసేపూ నల్లబల్లను కాక, టీచరు పెదవులనే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం ఇస్మాయిల్‌ఖాన్‌పేట బస్సెక్కి భవానీ అమ్మవారి దర్శనం చేసుకున్నాం. గుడి అరుగు మీద పులిహోర తిన్నాం. తిరిగి వస్తుంటే దారి పక్కన ఒక పల్లె హైస్కూలు కనిపిస్తే బస్సు దిగాం. పెంకుటింట్లో నాలుగు గదులు. లోపల పిల్లలు సంచులు చంకన పెట్టుకుని ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి మారుతున్నారు. సోమవారం సోమవారం వెనకవాళ్లు ముందుకు, ముందువాళ్లు వెనక్కు వెళ్లాలట.

"ఎప్పటికి గవే మొఖాలు ముంగట కూసుంటే నాకు నిద్రొస్తది సారూ," అన్నాడు లెక్కల సారు.

మమ్మల్నీ కూర్చోమని పాఠం మొదలుపెట్టాడు. లలిత ఆయన మాట కోసం మాటిమాటికీ మెడ తిప్పడం గమనించాడు. "ఏం బిడ్డా, మెడ పట్టిందా?"

పిల్లలు నవ్వారు. లలిత లేచి నిలబడింది. "మెడ కాదండీ. నాకు ఎడమ చెవి వినపడదు."

నేను తల దించుకున్నాను. సారు మాత్రం, "గట్లనా. అయితె ముంగటికొచ్చి గా ఎడమ గోడ పక్కన కూసో. కుడి చెవి నా దిక్కుంటది," అన్నాడు. అంతే, పాఠం సాగిపోయింది. ఆ గంటలో అమ్మాయి రెండుసార్లు చెయ్యెత్తింది.

గంట కొట్టాక, మాది పటాన్‌చెరు అనీ పొద్దున సంగారెడ్డి బడి చూశామనీ చెప్పి, అమ్మాయిని ఇక్కడే చేర్చుకోమని అడిగాను.

"పటాన్‌చెరు నుంచి దినాం గింత దూరం ఎట్లొస్తది? సంగారెడ్డిల ఏమన్నరు?"

"అక్కడ చెవి సంగతి చెప్పలేదండీ."

"చెప్పకుంట బడిని ఏం సూసిన్రు సారూ మీరు?" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. అమ్మాయిని తీసుకుని సంగారెడ్డి బస్సెక్కాను.

సంగారెడ్డిలో బస్సు దిగగానే లలిత నాకంటే ముందు నడిచింది. పెద్ద టీచరమ్మ అప్పుడే గేటు దాటుతోంది. తన చెవి సంగతి అమ్మాయే చెప్పింది. నేను పక్కన నిలబడ్డాను.

"పొద్దుగాల్నే చెప్తె ఏం పోయింది బిడ్డా? ఉత్తగ ఎన్కకు పంపితి," అందామె. "రేపటి సంది ముంగటి బెంచి. ఎడమ గోడ దిక్కు నీదే."

అయిదున్నరకు ఇంటికి బస్సు దొరికింది. మూడు బళ్లలోనూ సరస్వతి ఉంది. వెనక వరుసదాకా పాఠం చేరాలన్న తపన మూడింటిలోనూ చూశాను. నాలాగా పిల్లల కోసం బళ్లు చూడబోయేవాళ్లు ముందు తమ పిల్లల సంగతి అక్కడ చెప్పాలని నా మనవి.

లలిత ఈసారి ఎడమ కిటికీ పక్కన కూర్చుని, నన్ను కుడివైపు కూర్చోమంది.

"నాన్నా, పొద్దున బస్సులో ఏదో చెప్పావు కదా. ఒక్క ముక్క వినపడలేదు."

"మరి తల ఊపావే?"

"నువ్వు అంత భక్తిగా చెబుతున్నావు కదా మరి."

నవ్వుకుని, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను.

"మొదటిది శ్రవణం," అన్నాను.