అనంతమ్మ పాడిన ఎన్నికల పాట

2024 ఎండాకాలం. తాండూరులో పార్లమెంటు ఎన్నికల సందడి. స్టేషన్ రోడ్డు పక్క సందులో నాది మైక్‌సెట్ దుకాణం. వెనక గదిలో చిన్న రికార్డింగ్ స్టూడియో. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. గొంతు గోడకు తగిలి తిరిగి రాకుండా చుట్టూ పాత కంబళ్లు, కిటికీకి అడ్డంగా ఒక పరుపు, మధ్యలో మైకు, మూలకు కంప్యూటర్. ఫ్యాన్ వేస్తే ఆ చప్పుడు కూడా రికార్డవుతుంది కాబట్టి పాడేవాళ్లూ నేనూ చెమటలో నానాల్సిందే.

మా నాయన పొలం కూలీ. నేను చర్చిలో ప్రతి ఆదివారం యాంప్లిఫయర్ పక్కన కూర్చుని ఈ పనిలోకి వచ్చాను. పెళ్లిళ్లు, జాతరలు, క్రిస్మస్ పాటలు, ఎన్నికలు, ఏదైనా సరే. అన్ని పార్టీలకూ సామాను ఇస్తాను, అన్ని పార్టీల పాటలూ రికార్డు చేస్తాను. అందుకేనేమో, చాయ్ హోటల్లో కూర్చుంటే నన్నే అడుగుతారు. “సుందరన్నా, ఢిల్లీల ఉన్నోళ్లే మల్ల వస్తరా?” నాకేం తెలుసు? నాకు తెలిసింది చప్పుడు ఎట్లా ప్రయాణం చేస్తుందన్నదే.

ఆ సంగతి మాత్రం చెప్పగలను. కరణ్‌కోట రాతి గనుల దగ్గర మిట్టమధ్యాహ్నం ఆటో ఆపి హారన్ పెట్టండి. హారన్ అంటే ఆటో మీద కనిపించే గరాటు లాంటి స్పీకరు. పాట గనిలోకి దిగుతుంది. అక్కడెక్కడో రాతికి తగిలి, కాసేపు ఆలోచించుకుని వచ్చినట్టు మెల్లగా పైకొస్తుంది. సిమెంటు దుమ్ము ఎండలో మంచులా తేలుతుంటుంది. ఆటో వెళ్లిపోయినా పాట ఇంకా అక్కడే తిరుగుతున్నట్టు ఉంటుంది. మాటలు చెదిరిపోతాయి, గొంతు ఒక్కటే మిగులుతుంది. ఇన్నేళ్లయినా నాకది కల లాగే ఉంటుంది.

ఆ ఎండల్లోనే నర్సింలు వచ్చాడు. ఢిల్లీలో అధికారంలో ఉన్న పార్టీకి యాలాల్ వైపు కొన్ని ఊళ్ల ప్రచారం చూసుకునేవాడు. మనిషి ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, ఆ రోజు నవ్వలేదు.

“ఏంది తమ్మీ, గిట్లున్నవ్?” అన్నాను.

“పైనోళ్లు ఫోన్ జేస్తె మస్తు గెలుస్తున్నం అంటరన్నా. ఊర్లకు పోతె ఎవ్వరు ఏం జెప్తలేరు. తిట్టినా మంచిగుండేది. నవ్వుతున్రు, నీళ్లిస్తున్రు, పంపిస్తున్రు. లోపల ఏముందో తెలుస్తలేదు. నా ఊరే నాకు సమజైతలేదు.”

అసెంబ్లీ ఎన్నికల అలసట జనానికి ఇంకా తీరలేదు, అందుకే అట్లా ఉన్నారేమో అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“అనంతమ్మత్త పాట ఉంది గద నీ దగ్గర? అదే పెట్టన్నా. కిందటిసారి ఆ పాటతోనే ఊరంత కదిలింది.”

అనంతమ్మ వాళ్ల ఊరి మనిషి, గొర్రెలు కాసుకునే ఇంటిది. కిందటి ఎంపీ ఎన్నికలప్పుడు నర్సింలే ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చాడు. మైకు ముందు నిలబడటం ఆమెకు అదే మొదటిసారి. కాస్త భయపడుతున్నట్టు అనిపించి, “అమ్మా, ఇంటికాడ ఎట్ల పాడ్తవో గట్లనే పాడు” అన్నాను. ఆమె కళ్లు మూసుకుని, పాటకు ముందు, సాయంత్రం గొర్రెలను మళ్లించేటప్పుడు పిలిచే పిలుపు ఒకటి తీసింది. “హో... ఓ... ర్రా...” అని పొడుగ్గా. కంబళ్ల గది ఒక్కసారి ఆరుబయలైపోయినట్టు అనిపించింది. ఆ పిలుపు పాటలో లేదు, అయినా తీసేయలేదు. పాట అక్కడి నుంచే మొదలయ్యేలా ఉంచాను.

పాట రాసింది నర్సింలు. అందులో ఒక చరణం వాళ్ల ఊరి వాగు గురించి. “వానలొచ్చేలోపు వంతెనొస్తదమ్మా, నాదీ మాట, నమ్మండమ్మా.”

“ఆమె పోయింది గద తమ్మీ. రెండేండ్లైతుందేమో,” అన్నాను.

“జ్వరమొచ్చి పోయింది. గొంతుంది గదన్నా,” అన్నాడు నర్సింలు నేల చూస్తూ.

పాట పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి దానంతటదే మొదలయ్యేలా పెట్టుకున్నారు. దాన్ని మేం లూప్ అంటాం. ఆటో ఊళ్ల మీద పడింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె. మనిషి ఎండకు నల్లబడి ఉన్నాడు.

“పాటలు జేసే సుందర్ నువ్వేనా తమ్మి?”

“అవు మామా. కూసో.”

“నేను బీరప్పను. అనంతమ్మ నా భార్య.”

లోపలికి తీసుకొచ్చి చాయ్ తెప్పించాను. ఆయన చాయ్ చేతిలో పట్టుకుని, తాగకుండా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పసాగాడు.

“వాగు అవుతల జీవాలను ఇడిసి తుమ్మచెట్టు నీడకు పండుకున్న. సగం నిద్ర. గాలి మీద దాని గొంతు వచ్చింది. జీవాలను పిలుస్తుంది. రోజు వచ్చే కలనే అనుకున్న. లేవలే. లేస్తె పోతది గద. గని తమ్మి, కండ్లు దెరిసి జూస్తె గొర్లన్ని తలలు లేపి గటే జూస్తున్నయ్. నా కల గొర్లకెట్ల వస్తది?”

ఆ రోజు నుంచి ఆయన ఆటో ఎటు పోతే అటు మంద తోలుకుని పోతున్నాడట. ఒక్కోసారి గాలి అటు తిరిగితే ఏమీ వినిపించేది కాదట. ఒక్కోసారి ఎంతో దూరం నుంచి ఒక్క ముక్క వచ్చేదట.

“మరి ఇప్పుడు ఎందుకొచ్చినవ్ మామా?” అని అడిగాను.

“ఆ పాట ఆపు తమ్మి.”

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. కిందటిసారి ఓట్లు అయిపోయిన తర్వాత వానలొచ్చాయి, వాగొచ్చింది, వంతెన రాలేదు. మొదట ఆడవాళ్లు పరాచకానికి అడిగేవాళ్లు. “ఏమక్కా, నీ వంతెన ఏడిదాంక వచ్చింది?” అనంతమ్మ నవ్వేది. రెండో వానాకాలం ఒక బాలింత వాగు ఇవతలే ఆగిపోయి, దవాఖానకు పోలేక రాత్రంతా ఏడ్చింది. ప్రాణం పోలేదు, అదే అదృష్టం. ఆ తర్వాత అడిగినవాళ్లు నవ్వుతూ అడగలేదు.

“అది వాగు దిక్కు పోవుడే బందు జేసింది. సుట్టు తిరిగి పోతుండె. ‘నాదీ మాట అని పాడితిని గద, ఎవరి మొఖం జూడాలె’ అంటుండె. మంచం మీద ఉన్నప్పుడు గూడ అదే రంది. ఇప్పుడు సచ్చినంక గూడ దానితోని అదే మాట అనిపిస్తున్రు. నాకు దాని గొంతు కావాలె. ఆ మాట వద్దు.”

అంతలోనే చిన్న పిల్లవాడిలా అడిగాడు. “ఒక్కపాలి ఇనిపిస్తవా? మొత్తం దగ్గర నుంచి ఎన్నడు ఇనలే.”

హెడ్‌ఫోన్లు పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. పిలుపు దగ్గర ఆయన పెదాలు కదిలాయి. వంతెన చరణం వచ్చేముందు తనే హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద మెల్లగా పెట్టాడు.

ఆయన వెళ్లాక నర్సింలుకు ఫోన్ చేసి పాట ఆపేద్దామన్నాను. ఒప్పుకోలేదు. “ఆ పాట ఒక్కటే అన్నా, జనం బయటికొచ్చి ఇంటున్నది. ప్రచారం అయిపోవస్తుంది. రేపు మా ఊరికి పోతున్న, నువ్వు గూడ వచ్చి నీ కండ్లతోని సూడు.”

వెళ్లాను. యాలాల్ దాటాక కంది కోసేసిన చేలు, బీళ్లు, ఎండిన వాగు. ఆటో వాగులోని ఇసుకలో దిగి మూలుగుతూ ఎక్కింది. నర్సింలు డ్రైవర్ పక్కన, నేను వెనక యాంప్లిఫయర్ దగ్గర. ఊరి మొదట్లో డ్రైవర్ పాట పెట్టాడు.

“హో... ఓ... ర్రా...”

పక్క బీట్లోంచి దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి గొర్రెలు వచ్చాయి. పరుగున కాదు, సాయంత్రం ఇంటికి వచ్చినట్టు తలలు ఊపుకుంటూ నింపాదిగా వచ్చి, ఆటో చుట్టూ చేరి నిలబడ్డాయి. డ్రైవర్ బండి హారన్ కొట్టినా కదల్లేదు. కొన్ని తలలెత్తి స్పీకరు వైపు చూస్తున్నాయి. ఆటో ఆగిపోయింది. వెనకాల బీరప్ప కట్టె మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. మందను తోలలేదు.

పాట నడుస్తూనే ఉంది. ఇళ్లలోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. నర్సింలు చెప్పింది నిజమే, అందరూ వింటున్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నవాళ్లు కొందరు, కళ్లు తుడుచుకున్నవాళ్లు కొందరు. వంతెన చరణం వచ్చింది. “నాదీ మాట, నమ్మండమ్మా” అని గొంతు ఊరంతా పరుచుకుంది.

గోడకు ఆనుకుని ఉన్న ఒక ముసలమ్మ గట్టిగా, ఎదురుగా అనంతమ్మే ఉన్నట్టు అంది. “పాపం బిడ్డా, నువ్వేం జేస్తవ్. నువ్వు ఇంక ఫికర్ జెయ్యకు. మేం ఏమనుకుంటలేం.”

నర్సింలు ఆ మాట విన్నాడు. అతని ముఖం నాకు పక్క నుంచి కనిపిస్తోంది. చేయి చాచి పాట ఆపేశాడు. అంత చప్పుడు ఒక్కసారి ఆగితే చెవుల్లో హోరు వస్తుంది. ఆ హోరులోనే మైకు అడిగాడు. ఇచ్చాను.

“ఆ పాట అనంతమ్మత్త పాడింది,” అన్నాడు. “మాట ఆమెది కాదు, నాది. నేనే రాసిన. ఆమెకు నేనే ఇచ్చిన. మీరు నన్ను అడగవలసి ఉండె. ఆమెను అడుగుతుంటె నేను ఇన్నొద్దులు ఊకున్న.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. ఒకామె మాత్రం అడిగింది. “మరి వంతెన ఒస్తదా, రాదా?”

“తెల్వదు వదినా. పోయి అడుగుత. ఒస్తె చెప్త. రాకపోతె గూడ ఈడికే వచ్చి చెప్త.”

తర్వాత దిగి బీరప్ప దగ్గరికి నడిచాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినిపించలేదు. బీరప్ప కట్టె ఎత్తి మందను మళ్లించడం, నర్సింలు గొర్రెల మధ్య దారి చేసుకుంటూ ఆయన పక్కన నడవడం మాత్రం చూశాను. తెల్లటి ఎండలో, దుమ్ములో, వాళ్లిద్దరూ నేలకు ఆనకుండా పోతున్నట్టు అనిపించింది.

ఆ పాట మళ్లీ ఏ ఆటో మీదా మోగలేదు. రికార్డింగ్‌లో గొంతును, డప్పును విడివిడిగా దాచుకుంటాం, వాటిని ట్రాకులంటాం. అందుకని అనంతమ్మ గొంతు ఒక్కటే తీసుకుని, మాటలున్న చోట్లు వదిలేసి, పిలుపూ రాగాలూ కలిపి ఒక మెమరీ కార్డులో వేసి బీరప్పకిచ్చాను. మెడకు వేలాడే చిన్న రేడియోలో పెట్టుకున్నాడు.

ఢిల్లీలో ఆ పార్టీయే మళ్లీ వచ్చింది, అనుకున్నంత బలంగా కాదు. ఆ ఊళ్లో ఎవరికెన్ని పడ్డాయో నేను అడగలేదు. వానలు పడ్డాక ఒక పని మీద అటు వెళ్తే, నిండుగా పారుతున్న వాగు ఒడ్డున నర్సింలు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆఫీసుల చుట్టూ తిరిగాడట, ఈ ఏడు మంజూరు కాలేదన్నారట. అదే వచ్చి చెబుతున్నాడు. ఒకాయన అరుస్తున్నాడు, నర్సింలు తల వంచుకుని వింటున్నాడు. అరిచినాయనే కాసేపటికి చాయ్ తెప్పించాడు.

ఈ పనిలో నేను గొంతు సరిగా వచ్చిందా, డప్పు దాన్ని మింగేస్తోందా అనే చూసుకునేవాణ్ని. గొంతు అరువిచ్చిన మనిషి ఆ పాటతో పాటు ఊళ్లో బతకాలన్నది అనంతమ్మ దగ్గరే నేర్చుకున్నాను. అందుకని ఇప్పుడు ఏ పార్టీ పాటైనా సరే, మైకు పెట్టేముందు పాడేవాళ్లను కూర్చోబెట్టి పాట మొత్తం చదివి వినిపిస్తాను. “ఇందులో నువ్వు అనలేని మాట ఏమన్న ఉందా?” అని అడుగుతాను.

మొన్న కొడంగల్ నుంచి వచ్చిన ఒకమ్మాయి చాలాసేపు ఆలోచించి, మూడో చరణం పాడనంది. పాట రాయించిన నాయకుడికి కోపమొచ్చింది. ఆ చరణం లేకుండానే రికార్డు చేశాం.