ముంజేతుల డాక్టరు

మా పాప కీళ్ళవాపు చూసే డాక్టరుగారికి ఒకటే పిచ్చి. ముంజెయ్యి కనబడితే చాలు, కొలవాలి. ముఖాలు గుర్తుండవు. "మీరెవరమ్మా?" అంటారు. చెయ్యి చాపగానే "ఓ, మీరా!" అని వెలిగిపోతారు.

ఆయన బల్ల మీద చెప్పుల డబ్బా అంత యంత్రం ఉంటుంది. దాని మీద చెయ్యి ఆనిస్తే కింద నుంచి ఊదారంగు వెలుగు పడుతుంది. సూది లేదు, నెత్తురు చుక్క లేదు. ఒంట్లో వాపు ఏళ్ళ తరబడి రగులుతుంటే చక్కెర ప్రొటీన్లకు అంటుకుని చెడ్డ అణువులు పుడతాయి, చర్మంలో పేరుకుంటాయి. ఆ వెలుగు తగిలితే మిణుకుమంటాయి. ఆ మిణుకును కొలిచి యంత్రం అంకె చెబుతుంది. నేను రసాయనశాస్త్రం చదివినదాన్నే. అయినా అది విన్న రోజు నా చేతిని నేనే కొత్తగా చూసుకున్నాను. పడ్డ బాధంతా చర్మం లోపల దాచుకుని, వెలుగు అడిగితే చెప్పేస్తుందట!

ఆ అబ్బురం డాక్టరుగారికి ఇప్పటికీ తీరలేదు. పార్శిల్ తెచ్చినతను సంతకం అడిగితే "ముందు చెయ్యి పెట్టు" అంటారు. ఆయన లిఫ్టు ఎక్కితే నర్సులు చేతులు వెనక్కి దాచుకుంటారు. ఓసారి ఆసుపత్రి పెద్దాయన మందలించడానికి వచ్చి, "క్రీము రాసుకున్నారు, అంకె తప్పుతుంది, కడుక్కుని రండి" అనిపించుకుని బుద్ధిగా కుళాయి దగ్గరికి నడిచాడు.

మా పాపకు ఆరేళ్ళు. సూదులతో విసిగిపోయి, తెల్లకోటు కనబడితే రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుంటుంది. వాపు లోలోపల ఎంత పాడుచేసిందో తెలియాలంటే అది చెయ్యి ఇవ్వాలి. ఇవ్వదనే నా దిగులు.

మేం లోపలికి వెళ్తే ఆయన పాపను చూడనైనా చూడలేదు. గుమ్మం దగ్గరి గార్డును కేకేశారు.

"రావయ్యా, చెయ్యి పెట్టు."

"మళ్ళీనా సార్? నిన్నేగా పెట్టాను!"

"నిన్నటిది నిన్న."

వెలుగు పడగానే గార్డు "అబ్బో, చక్కిలిగిలి!" అని మెలికలు తిరిగాడు. వెలుగుకు చక్కిలిగిలేమిటి? నా చదువు ఊరుకోనివ్వలేదు.

"డాక్టరుగారూ, ఆ అణువులు పేరుకోవడానికి నెలలూ ఏళ్ళూ పడతాయి కదా! రోజూ కొలిస్తే ఏం మారుతుంది?"

"వాడి చేతిలో ఏమీ మారదమ్మా," అని కళ్ళతోనే పక్కకు చూపించారు.

పాప చంకలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.

"నాకూ చక్కిలిగిలి వస్తుందా?"

"ఏమో, నాకేం తెలుసు? నువ్వే పెట్టి చూసి చెప్పు."

గార్డు నా దగ్గరికి వంగి గుసగుసలాడాడు. "పిల్లలొచ్చినప్పుడల్లా నాకిదే డ్యూటీ మేడమ్. పెద్దోళ్ళు నవ్వుతూ పెడితేగానీ పిల్లలు నమ్మరంట. పెద్దసారు కుళాయి దగ్గరికెళ్ళారే, ఆ రోజూ అంతే, ఓ బాబు కోసమే. ఆయన నాకన్నా బాగా చేశారు!"

ఊదా వెలుగు ఆ చిన్న చేతి కింద పరుచుకుంది. నేను అంకె కోసం తొంగిచూశాను.

"భయపడినంత లేదమ్మా. మన పాప వయసుకు ఉండాల్సినంతే ఉంది," అన్నారాయన.

"చక్కిలిగిలి రాలేదు. అంకుల్ అబద్ధం!" అని తీర్పిచ్చి, పాప నా వైపు తిరిగింది. "ఇప్పుడు అమ్మది!"

పెట్టాను. సూది వేసేటప్పుడు నేను దాన్ని పట్టుకున్నట్టే, పాప రెండు చేతులతో నా మణికట్టు అదిమిపట్టింది.

"కదలకమ్మా... అయిపోయింది, అయిపోయింది."

డాక్టరుగారు ఇంకా మీట నొక్కనే లేదు.