పుల్లల సంచి

నైట్ షిఫ్ట్ దిగి వచ్చేసరికి మా బాల్కనీలో మల్లెతీగకు చిన్న పుల్లల సంచి వేలాడుతోంది. పుల్లలు అతికించి తనే అల్లుకున్న ఆ సంచి లోపల గొంగళిపురుగు ఉంటుంది. పెద్దదైతే చిమ్మట అవుతుంది.

చిన్నప్పుడు పటాన్‌చెరులో మేం కిరాయికున్న రేకుల గదుల వరస చూరుకు కందిరీగల గూడుండేది. అమ్మలు కంపెనీకి పోతే, ఎవరి పొయ్యి వెలిగితే వాళ్ళింట్లోనే పిల్లలందరికీ బువ్వ. కందిరీగలూ మాలాంటివే అనుకునేదాన్ని. చివరి గదిలో సుజాతక్క మాత్రం పగలంతా తలుపు వేసుకునేది. పాపం ఒంటరిదని రోజూ తలుపు కొట్టేదాన్ని.

ఒకరోజు తుమ్మకొమ్మకున్న పుల్లల సంచిని తెచ్చి, తోడుంటుందని కందిరీగల గూటి పక్కన పెట్టబోయాను. సుజాతక్క పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏంజేస్తున్నవే? గవి పురుగును పీకి పిల్లలకు పెడ్తయి!"

"ఒక్కతే ఉంది కదక్కా."

"ఉండనియ్యి. అది దానిల్లు."

ఎర్రటి కళ్ళు నులుముకుంటూ మళ్ళీ తలుపేసుకుంది. ఏడ్చిందేమోనని నేను మళ్ళీ కొట్టాను.

రాత్రంతా మాత్రల ప్యాకింగ్ దగ్గర నిలబడితే కళ్ళు అట్లా అవుతాయని, నావి ఎర్రబడ్డాకే తెలిసింది.

సంచిని కదపకుండా మల్లెకు నీళ్ళు పోసి పడుకున్నాను. కళ్ళు మూతపడుతుండగా పక్కింటి పాప తలుపు కొట్టింది.

"ఆంటీ, ఒక్కదానివే ఏంజేస్తున్నవ్?"