భాభీ కాచిన నీళ్లు

శంషాబాద్‌లో అద్దాలు తుడిచే పనివాళ్ల మధ్య ఒక మాట తిరుగుతోంది. వేడినీళ్లతో తుడిస్తే అద్దం మీద తెల్లమచ్చలు పడతాయని. కొత్తగా పనిలో చేరినవాళ్లకు మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఈ సంగతి చెబుతారు. దాన్ని పుట్టించినవాణ్ని నేను. అది అబద్ధమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

మాది తొండుపల్లి. వ్యవసాయం వదిలేశాక దొరికిన పనులన్నీ చేసి, చివరికి ఈ అద్దాల పనిలో కుదురుకున్నాను. నేర్పింది భాయ్. నాకంటే పదేళ్లు పెద్ద, శంషాబాద్ పాత బస్తీలో ఇల్లు. ఒక నిచ్చెన, రెండు బకెట్లు, రెండు వైపర్లతో హైవే పక్కన హోటళ్లకూ షోరూములకూ అద్దాలు తుడిచేవాళ్లం. వైపర్ పట్టుకోవడం రాని రోజుల్లో నా మణికట్టు మీద తన చెయ్యి వేసి, పై నుంచి కింది దాకా ఒకే గీతలో లాగించేవాడు. నేను తుడిచిన అద్దం ముందు నిలబడి దువ్వెన తీసి తల దువ్వుకునేవాడు. అదీ ఆయన మెచ్చుకోలు.

చలికాలంలో ఎయిర్‌పోర్టు దారిలో అద్దాలు తుడవడం వేరే పని. లారీల పొగ, మట్టి, రాత్రి కురిసిన మంచు కలిసి జిడ్డులా పట్టుకుంటాయి. చన్నీళ్లు పోస్తే ఆ జిడ్డు కదలదు, పక్కకు జరిగి అక్కడ కూర్చుంటుంది. ఒక్కో అద్దాన్ని మూడుసార్లు రుద్దాలి. పైగా పొద్దున ఏడింటికి ఆ నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొయ్యబారిపోతాయి. భాయ్‌కి అప్పటికే వేళ్ల కణుపులు వాచడం మొదలైంది. వైపర్ పిడిని పూర్తిగా మూసి పట్టుకోలేకపోయేవాడు.

ఉపాయం చెప్పింది ఆయన భార్య. నేను భాభీ అని పిలుస్తాను. గిన్నెల జిడ్డు వేడినీళ్లకు వదిలినట్టు అద్దం జిడ్డు ఎందుకు వదలదని అడిగిందట. ఆమె దగ్గర పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి హమామ్ ఉండేది. నడుమ గొట్టంలో బొగ్గులు వేస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. తెల్లవారుజామునే లేచి మంచినీళ్ల నల్లా నీళ్లు కాచి, రెండు క్యాన్లలో పోసి, పాత బొంత చుట్టి స్కూటరు మీద పెట్టేది. మేము హోటలుకు చేరేసరికి అవి గోరువెచ్చగా ఉండేవి. మరీ కాగినవి చల్లటి అద్దం మీద పోస్తే పగులుతుందని భాయ్ మోచెయ్యి ముంచి చూసేవాడు, బాలింత ఇంట్లో పసిపిల్లకు నీళ్లు పోసే ముసలామెలాగా.

హోటలు వాచ్‌మన్ ఒకరోజు అడిగాడు, "ఏంది భాయ్, అద్దానికి తానం పోస్తున్నవా?"

"పోస్తున్న. నువ్వెప్పుడు పోసుకుంటవో గది జెప్పు" అన్నాడు భాయ్.

ఆ నీళ్లతో జిడ్డు ఒక్క రుద్దుకు వదిలేది. ఒకటే జాగ్రత్త. వెచ్చటి నీళ్లు తొందరగా ఆరతాయి కాబట్టి వెనకాలే వైపర్ పడాలి. ఆ చలికాలం మేము పదింటికల్లా పని ముగించి చాయ్ తాగేవాళ్లం. భాయ్ వేళ్లు కూడా కాస్త తేరుకున్నాయి.

ఇక ఆ రోజు సంగతి. భాయ్ హోటలు వెనకవైపు ఉన్నాడు. తూర్పువైపు అద్దాలు నావి. నాలుగు అద్దాలు మిగిలి ఉండగా భాభీ ఇచ్చిన నీళ్లు అయిపోయాయి. వెళ్లి భాయ్ దగ్గరున్న క్యాన్ తెచ్చుకోవాలి. బద్ధకించాను. హోటలు తోటలో మొక్కలకు నీళ్లు పట్టే కుళాయి పక్కనే ఉంది, అది బోరుది. మా వైపు బోరు నీళ్లలో ఎంత ఉప్పు ఉంటుందో ఇక్కడ గిన్నెలు తోమే ఎవరిని అడిగినా చెబుతారు. ఆ నీళ్లే నాలుగు అద్దాలకూ కొట్టాను. అంతలో ఫోన్ వచ్చింది. నీడలోకి వెళ్లి మాట్లాడి తిరిగొచ్చేసరికి ఎండ నేరుగా పడి అద్దాలన్నీ ఆరిపోయాయి. నిలువునా తెల్లటి చారలు, మచ్చలు.

నేను వైపర్ ఎత్తేలోపే మేనేజర్ వచ్చి ఏమిటిదని అడిగాడు. ఆ పని పోతే ఇంకో హోటలు దొరకడం కష్టం. నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యం: "భాయ్ ఇంటి నుంచి తెచ్చే వేడినీళ్లు సార్. పాత హమామ్‌ల కాస్తరు. దాని ఉప్పే అయ్యుంటది."

బయటి నీళ్లు ఇక లోపలికి రాకూడదన్నాడు మేనేజర్. భాయ్‌ని పిలిచి చూపించాడు. భాయ్ నిమ్మకాయలు తెప్పించి మధ్యాహ్నం దాకా ఆ మచ్చలు రుద్దాడు. నేనూ పక్కనే రుద్దాను. "మా ఇంటి నీళ్లు గిట్ల జేస్తయనుకోలే తమ్మీ" అన్నాడు ఒకసారి. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. మేము ఇద్దరమే ఉన్నాం. చెప్పలేదు.

అంతటితో ఆగి ఉంటే ఇంత రాయవలసి వచ్చేది కాదు. రంజాన్ పండుగకు భాయ్ ఇంట్లో దావత్. బావమరదులు, పక్కింటివాళ్లు, మా పనివాళ్లు, హాలు నిండా జనం. నవ్వించే కథ ఏదైనా చెప్పమన్నారు. హమామ్ కథ చెప్పాను. హోటలుకు సున్నం కొట్టినట్టు అయిందని, మేనేజర్ అద్దం మీద చెయ్యి పెట్టి చూసుకుంటే ముగ్గు అంటిందని, లేనివన్నీ కలిపాను. కడుపులు పట్టుకుని నవ్వారు. భాయ్ కూడా నవ్వాడు. వంటింటి తెర వెనక భాభీ గిన్నెలు సర్దుతూ ఉందని నాకు తెలుసు.

తరువాతి నెలలో ఆమె హమామ్‌ను పాత సామాన్ల బండికి ఇచ్చేసింది. ఆ కథ మాత్రం తుక్కుగూడ దాకా పోయింది. రెండు చలికాలాలు మేము చన్నీళ్లతోనే పని చేశాం.

ఇప్పుడు మేమిద్దరం ఒక కంపెనీ కింద చేస్తున్నాం. ఈ చలికాలం వాళ్లు వ్యాను మీద ఒక యంత్రం తెచ్చారు. శుద్ధి చేసిన నీళ్లను వేడి చేసి పైపులో పంపుతుంది. నేర్పడానికి వచ్చినతను చలిలో జిడ్డు వదలాలంటే గోరువెచ్చటి నీళ్లే మేలని చెబుతుంటే, కొత్తవాళ్లు నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకున్నాను. పైపు ముందుగా భాయ్ చేతికి ఇచ్చారు. నీళ్లు ఆయన వాచిన వేళ్ల మీదుగా కారాయి. కాసేపు అద్దం సంగతి మరిచిపోయి వేళ్లనే చూసుకున్నాడు.

"మా ఇంటామె నీళ్లు గూడ గిట్లనే ఉంటుండె" అన్నాడు.

ఆ పని ముగిశాక చెప్పేశాను. బోరు కుళాయి, ఫోను, మేనేజరు, అన్నీ. తిడతాడనుకున్నాను. ఆయన చాలాసేపు పైపు చుట్టలు చుట్టాడు.

"గా దినం ఇంటికి పోయి ఆమెను అన్న తమ్మీ. నీ హమామ్ పాడుగాను అన్న." పైపు చుట్ట వ్యానులో పెట్టి, "నాకు గాదు, ఆమెకు జెప్పు" అన్నాడు.

శుక్రవారం వెళ్లాను. భాభీ మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా అంతా విన్నది. బోరు నీళ్లేనా అని ఒకసారి, హమామ్‌ది కాదు కదా అని ఒకసారి అడిగింది. కాదన్నాను. చాట పక్కన పెట్టింది.

"నవ్విచ్చింది అందరి ముంగట. జెప్పుడు నా ఒక్కదాని ముంగటనా?"

మళ్లీ రంజాన్ వచ్చింది. అదే హాలు, దాదాపు ఆ జనమే. షీర్ ఖుర్మా గిన్నెలు పంచుతుండగా లేచి నిలబడ్డాను. మచ్చలు నేను కొట్టిన బోరు నీళ్లవని, భాభీ కాచిన నీళ్లలో ఏ దోషమూ లేదని, ఆమె చెప్పిన ఉపాయమే ఇప్పుడు కంపెనీ యంత్రం పెట్టి చేస్తోందని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. బావమరదుల్లో పెద్దాయన అట్లనా అని తల ఊపాడు. అందరూ గిన్నెల్లోకి తలలు దించారు. ఇక కూర్చోబోయాను.

భాభీ తెర పక్కకు జరిపి బయటికి వచ్చింది. నా గిన్నెలో ఇంకో గరిటె షీర్ ఖుర్మా వేసింది.

"మల్ల జెప్పు తమ్మీ" అంది. "ఆ మూలకున్నోళ్లకు ఇనవడలే."

గిన్నె కింద పెట్టి, ఈసారి గట్టిగా, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.