నా వంతు ఉపవాసం

ఈ ఉదయం మా అమ్మాయి పరుగుపందేనికి బయలుదేరుతూ, ఏది ఎప్పుడు తినాలో ఫోనులో చూసుకుంటూ ఓట్సు, అరటిపండు తిని, భయం తగ్గడానికి కోచ్ నేర్పిన ఊపిరి కసరత్తు చేసి, నువ్వు వస్తే నాకు టెన్షన్, ఇంట్లోనే ఉండమ్మా అని వెళ్లిపోయింది. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుంటే రాబర్ట్‌సన్‌పేటలోని మా పాత వంటిల్లు గుర్తొచ్చింది.

కోలారు బంగారు గనులు మూతపడి నాన్న ఖాళీగా కూర్చున్న రోజులవి. క్రీడల కోటాలో ఒక ఉద్యోగానికి పరుగుపందెం పెడుతున్నారంటే ఇంటిల్లిపాదీ నా కాళ్ల మీదే ఆశ పెట్టుకున్నారు. తీరా చూస్తే అది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో, శుక్రవారం నాడు పడింది. ఆ శుక్రవారాల్లో మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. అంతకుముందు ఏడాది అలాంటి శుక్రవారమే కోలారులో పరుగెత్తి, చివరి మలుపులో కళ్లు తిరిగి పడిపోయాను. అప్పటినుంచి కడుపునిండా తిన్న రోజున కూడా ఆ మలుపు వచ్చేసరికి కాళ్లు వణికేవి.

మా వ్యాయామం టీచరమ్మ, ఖాళీ కడుపుతో పరుగెత్తితే సత్తువ సగం దారిలోనే అయిపోతుందనీ, అలాగని సంగటి ముద్ద మింగి పరుగెత్తితే కడుపు పట్టేస్తుందనీ, రెండు గంటల ముందు పలచగా రాగిజావ తాగమనీ, మలుపులో పడిన సంగతి తలుచుకోకుండా ఎదురుగా ఏదో ఒకదాని మీద చూపు నిలపమనీ చెప్పింది. జావ మాట అమ్మతో చెప్పాను గానీ, ఒప్పుకుంటుందన్న ఆశ లేదు. ఉద్యోగం కోసం ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టిందే ఆమె.

శుక్రవారం పొద్దున అమ్మ జావ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. నాన్న ముఖం తిప్పుకున్నాడు.

"తాగు పాపా. నీ ఉపాసం గూడా నేనే ఉంటాను. ఈ పొద్దు నాది ఉంటాను, రేపు నీది ఉంటాను. దేవునితో నేను మాట్లాడుకుంటాలే," అంది.

ఆ జావ చివరి చుక్క దాకా తాగాను.

పందెంలో చివరి మలుపు దగ్గరపడగానే మళ్లీ కాళ్లు వణికాయి, ఇక పడిపోతాననే అనుకున్నాను. సరిగ్గా అక్కడే, కంచె అవతల, కొంగు నెత్తిన కప్పుకొని ఎండలో అమ్మ నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు, పేరు పెట్టి పిలవలేదు. ఆమెనే చూస్తూ పరుగెత్తాను. మలుపు ఎప్పుడు దాటానో తెలియలేదు. ఉద్యోగం వచ్చింది, ఇల్లు నిలబడింది. మర్నాడు నా వంతు నేనే ఉంటానని ఎంత బతిమాలినా అమ్మ వినలేదు, ఆ ఉపవాసమూ తనే ఉంది.

ఇప్పటి పిల్లలకు ఏది ఎప్పుడు తినాలో, భయమేస్తే ఏం చేయాలో చెప్పేవాళ్లున్నారు, మంచిదే. మలుపులో నిలబడే మనిషి మాత్రం అక్కర్లేకపోయింది, అది నాకు కష్టంగానే ఉంది. ఇవాళ శుక్రవారం కాదు, శ్రమకాలమూ కాదు. అయినా పొద్దుటినుంచి నేనింకా ఏమీ తినలేదు.